నలభై ఏడో నంబరు అంగారకుడు

కిందటి వారం సూరిబాబును ఫాఫాడీ చౌక్‌లోని కంప్యూటర్ సెంటర్ మెట్ల మీద, చేతిలో హైదరాబాదు కవరుతో నిలబెట్టి వదిలేశాం. వారం రోజులు పాపం అలాగే నిలబడ్డాడు. ఇప్పుడు కవరు విప్పాడు. పిల్లల కోసం గేమ్ తయారుచేస్తున్న కంపెనీ వాళ్లు రాసింది నాలుగే వాక్యాలు. "మీరు పంపిన అంగారకుడు ఆకుపచ్చగా ఉన్నాడు. దాన్ని చూశాక మిగతా ఎనిమిది గ్రహాలు తెరిచే ఓపిక మాకు లేకపోయింది. అన్నీ సరిచూసి సోమవారానికల్లా మళ్లీ పంపండి. లేదా పని వేరేవాళ్లకు ఇచ్చేస్తాం."

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్లకు కొంచెం చెప్పాలి. సూరిబాబుకు ఇరవై మూడేళ్లు. శ్రీకాకుళం వైపు నుంచి రాయ్‌పూర్ వచ్చి రైల్వేలో స్థిరపడిన కుటుంబం వాళ్లది. తండ్రి సత్తిరాజు వేగన్ షాపులో ఫిట్టరు. సూరిబాబుకు పుట్టుకతోనే ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు. నీలానికీ ఊదాకీ కూడా తెలియదు. అలాంటివాడు కంప్యూటర్ మీద గ్రహాలు గీయడమేమిటని మీరు అడగవచ్చు. గీత అతనిది, రంగు అక్కది.

అక్క గంగాభవాని పండ్రి బట్టల బజారులో మేచింగ్ సెంటర్‌లో పనిచేసేది. ఎవరైనా చీర తెచ్చి కౌంటర్ మీద పెడితే చాలు, రెండు వందల రకాల జాకెట్టు గుడ్డల్లోంచి దానికి సరిపోయేది ఒక్క లాగులో తీసి ఇచ్చేది. ఆ దుకాణంలో రంగులకు పేర్లుండవు, మిల్లు వాళ్లిచ్చిన షేడ్ కార్డు మీద నంబర్లుంటాయి. సాయంత్రం దుకాణం కట్టేశాక ఆమె కంప్యూటర్ సెంటర్‌కు వచ్చి తమ్ముడి పక్కన స్టూలు మీద కూర్చునేది. ఏ గ్రహానికి ఎక్కడ ఏ రంగో నోటు పుస్తకంలో నంబరు వేసి, పక్కన గోరంత గుడ్డముక్క అతికించేది. సూరిబాబు ఆ ముక్కను స్కానర్ మీద పెట్టి, రంగును కంప్యూటర్‌లోకి తీసుకుని గ్రహానికి పూసేవాడు. తొమ్మిది గ్రహాలూ అలాగే అయ్యాయి. అవి పూర్తయిన పదిహేను రోజులకు, సెప్టెంబరులో, చిన్నప్పటి నుంచీ చెడిపోయి ఉన్న గుండె కవాటం భవానిని తీసుకుపోయింది.

నవంబరులో కంపెనీ వాళ్లు బొమ్మలు ఇంకా పెద్దవిగా, నునుపుగా కావాలన్నారు. పెద్ద సైజులో స్కాన్ చేస్తే ఆ గోరంత ముక్కల మీద జిగురు మరకలు కనిపించాయి. అందుకని సూరిబాబు పుస్తకంలోని నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లాడు. అవే నంబర్ల గుడ్డలు అరచేతి వెడల్పున కోయించుకుని తెచ్చి, గ్రహాలన్నిటికీ మళ్లీ పూసి, సీడీ పంపేశాడు. ఆ సీడీకి వచ్చిన జవాబే ఇప్పుడు అతని చేతిలో ఉన్నది.

అంగారకుడికి భవాని రాసిన నంబరు నలభై ఏడు. సూరిబాబు మళ్లీ మెట్లు దిగి, కింద ఎస్టీడీ బూత్ నుంచి దుకాణానికి ఫోన్ చేశాడు. అక్కతో కలిసి పనిచేసిన విజయకుమారిని నలభై ఏడో నంబరు గుడ్డ తీసుకుని ఒకసారి రమ్మని చెప్పమన్నాడు. తర్వాత పైకి వచ్చాడు.

పైన జ్ఞానప్రకాశం గారు కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కాకినాడ నుంచి వచ్చి పాతికేళ్లు టైపు ఇన్‌స్టిట్యూటు నడిపిన మనిషి ఆయన. మూడేళ్ల కిందట టైపు మిషన్లు అమ్మేసి నాలుగు కంప్యూటర్లు కొన్నారు. ఆ ఉదయం కరెంటు లేదు. నాలుగు తెరలూ నల్లగా ఉన్నాయి.

"రావయ్యా సూరిబాబూ, కూర్చో. బిజిలీ పదకొండింటికి గాని రాదంట. ఏం రాశారు?"

సూరిబాబు ఉత్తరం ఇచ్చాడు. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చదివారు. రెండోసారి కూడా చదివారు.

"ఆకుపచ్చ ఏంటయ్యా? అంగారకుడు ఎర్రగా ఉంటాడని మా సండే స్కూలు పిల్లలక్కూడా తెలుసు."

సూరిబాబు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నా తప్పూ ఉందిలే," అన్నారాయన కాగితం మడుస్తూ. "సీడీ పంపేముందు ఒకసారి తెరిచి చూడాల్సింది. అక్క పోయి ఇంకా మూడు నెలలు కాలేదు, కుర్రాడి పక్కన కూర్చుని తప్పులేం వెతుకుతాంలే అని మనసొప్పక ఊరుకున్నాను. దయ చూపిస్తే ఇదిగో, ఇలా అయింది."

నిజమే. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. చావు జరిగిన ఇంటి మనుషుల్ని అందరూ మెత్తగా చూస్తారు, వాళ్ల పనిని ఎవరూ చూడరు. కోపగించుకునే హక్కు ఆ రోజుల్లో ఎవరైనా వాడుకుని ఉంటే, ఈ వారం భాగం రాయాల్సిన అవసరం నాకు ఉండేది కాదు.

"భిలాయ్‌లో ఒక కుర్రాడున్నాడు," అన్నారు జ్ఞానప్రకాశం గారు. "చురుకైనవాడు. రేపు ఆదివారం ఆరాధన అయ్యాక పిలిపిస్తాను. గీత నీదే ఉంటుంది, నీ పేరూ ఉంటుంది. రంగు మాత్రం తొమ్మిదింటికీ తుడిచేసి, మొదటినుంచీ వేస్తాడు. సోమవారానికి అయిపోతుంది."

"తుడిచేసి" అన్న మాట దగ్గరే సూరిబాబు ప్రాణం చివుక్కుమంది. భవాని వస్తువులంటూ ఇంట్లో పెద్దగా ఏమీ మిగల్లేదు. నాలుగు చీరలు దీనులకు ఇచ్చేశారు. ఫొటో ఒక్కటే, అదీ రేషను కార్డు కోసం తీయించింది, అందులో ఆమె కళ్లు మూసుకుని ఉంది. ఆమె ఎలాంటి మనిషో, ఆమె చూపు ఎంత నిదానంగా, ఎంత కచ్చితంగా ఉండేదో చెప్పేవి ఆ గ్రహాలు మాత్రమే. రేపెప్పుడో గేమ్ బయటికి వస్తుంది. ఎక్కడెక్కడి పిల్లలో రాకెట్టు వేసుకుని భవాని రంగుల్లో దిగుతారు. మూడు నెలలుగా సూరిబాబు అన్నం తింటున్నది ఆ ఒక్క ఆలోచన మీదే.

"సార్, అంగారకుణ్ణి తీసీయండి," అన్నాడు. "కావాలంటే ఆ ఒక్కటీ ఆ భిలాయ్ అబ్బాయి చేతే ఏయించండి. మిగతా ఎనిమిదీ ముట్టుకోవద్దు."

"ఎందుకయ్యా?"

"అవి నా రంగులు కావు."

"నీవి కాకపోతే ఎవరివి?"

"మా అప్పవి." శ్రీకాకుళం వాళ్లకు అక్క అంటే అప్ప. "అన్నీ తనే సెప్పేది సార్. పక్కన కూర్చుంటే మీరందరూ ఊసుపోక వచ్చిందనుకునేవోళ్లు. నాకు రంగులు తెలీవు. ఎర్రది ఏదో, పచ్చది ఏదో నాకు అగుపడదు."

ఈ మాట అతను పుట్టి బుద్ధెరిగాక భవానితో తప్ప ఎవరితోనూ అనలేదు. అనేశాక రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు.

జ్ఞానప్రకాశం గారు నమ్మలేదు. ఇలాంటి మాట విన్నవాళ్లెవరైనా మొదట చేసే పనే ఆయనా చేశారు. బల్ల మీది పెన్ను తీసి చూపించి, "ఈ మూత ఏం రంగు?" అన్నారు.

"ఎర్రది."

"మరి తెలిసిందిగా!"

"ఆ పెన్నుతోనే కదా సార్, మీరు పిల్లల పేపర్లలో తప్పులు కొడతారు. అందుకని తెలుసు."

ఆయన పెన్ను నెమ్మదిగా బల్ల మీద పెట్టేశారు. "ఇంట్లో తెలుసా?" అని అడిగారు.

"అప్పకి తప్ప ఎవరికీ తెల్దు. రైల్వే ఉద్యోగం మెడికల్‌కి లెటరొస్తే జ్వరమని పడుకున్నాను. ఎల్తే కళ్లు సూసే ఆ రంగుల పుస్తకం తెరవగానే పట్టేసుకుంతారు. నాన్న రెండు నెలలు నాతోటి మాట్లాడలేదు. బద్ధకస్తుడని అనుకున్నారు. అనుకోనీమంది అప్ప."

తర్వాత ఆగకుండా చెప్పుకుపోయాడు. చెప్పడానికి మనిషి దొరక్క మూడు నెలలుగా లోపలే ఉండిపోయిన మాటలు అవి. స్కూల్లో ఆకుకు మట్టిరంగు వేస్తే టీచరు ఆ కాగితం క్లాసంతా తిప్పి చూపించిందట. ఆ రోజు నుంచి భవాని అతని రంగు పెన్సిళ్లకు బ్లేడుతో గాట్లు పెట్టి ఇచ్చేదట, ఒక గాటంటే ఎరుపు, రెండంటే ఆకుపచ్చ. అంగారకుడి కోసం మూడు సాయంత్రాలు తీసుకుందట. లైబ్రరీ పుస్తకంలోని బొమ్మ పక్కన ఎనిమిది గుడ్డలు పెట్టి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసి, ఎనిమిదీ కాదని తిప్పి పంపించిందట.

"ఇది ఎరుపు కాదురా, అందరూ ఎరుపని సెప్పీస్తారు గానీ కాదు అంది సార్. సిల్తారా ఇనప ఫేక్టరీల నుంచి వచ్చిన లారీల టైర్ల మీద దుమ్ము ఉంతాది సూడు, వాన పడి ఎండిపోయాక, అది అంది. మర్నాడు దుకాణం నుంచి నలభై ఏడు తెచ్చినాది. పుస్తకంలో రాసి, కింద గీత కూడా గీసినాది. నేనే ఎక్కడో తప్పు సేసుంటాను. అప్ప తప్పు రాయదు."

కిటికీ అవతల రిక్షాలు, టెంపోలు గోలగా పోతున్నాయి. జ్ఞానప్రకాశం గారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"నీ కళ్లకు నేను ఉద్యోగం ఇవ్వలేదయ్యా," అన్నారు చివరికి. "ఆ శని చుట్టూ వలయాలు గీశావు చూడు, వెంట్రుక వెంట్రుకా విడదీసినట్టు, దానికిచ్చాను. సరే. ఎనిమిదీ అలాగే ఉంటాయి. భిలాయ్ వాడిని పిలవను. అంగారకుణ్ణి నువ్వూ నేనూ కూర్చుని దిద్దుదాం. చాలా?"

సూరిబాబు తల ఊపాడు.

"పదకొండింటికి మా అమ్మ వస్తాది సార్," అన్నాడు. "అప్ప ఏసిన రంగులు సూపిస్తానని సెప్పినాను. ఇంతవరకూ సూడలేదు. మాసికాలవీ ఉన్నాయని ఇన్నాళ్లూ గుమ్మం దాటలేదు. పోయిన ఆదివారం మూడోది అయింది."

"రానీవయ్యా. నేను టీ తెప్పిస్తాను."

అప్పుడే విజయకుమారి వచ్చింది. భవాని పక్కన కౌంటర్‌లో ఆరేళ్లు నిలబడ్డ మనిషి. క్రైస్తవుల పిల్ల, తల్లి దీనమ్మ నర్సు. భవాని పోయిన రోజున ఆస్పత్రి వరండాలో ఈ అమ్మాయే సూరిబాబు చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఇప్పుడు ఆమె చేతిలో అట్టల పుస్తకంలా ఉన్న షేడ్ కార్డూ, కాగితంలో చుట్టిన గుడ్డముక్కా ఉన్నాయి.

"ఏమైంది సూరీ? సేఠ్‌జీ అరగంట పర్మిషన్ ఇచ్చాడు. ఇదిగో నీ నలభై ఏడు," అంటూ గుడ్డ విప్పి బల్ల మీద పరిచింది.

జ్ఞానప్రకాశం గారు దాన్ని చూసి, సూరిబాబు వైపు చూసి, మళ్లీ దాన్ని చూశారు. "అమ్మా, ఇది ఆకుపచ్చ కదా?"

"అవునండి. మామిడాకు పచ్చ. ఈ సీజన్లో బాగా పోతుంది."

"అప్ప రాసింది ఎర్రది," అన్నాడు సూరిబాబు. "ఎర్రది కాదు, దుమ్ము రంగు. నలభై ఏడే. నేను కళ్లారా సూసినాను, గీత గీసుంది."

విజయకుమారి అతన్ని అయోమయంగా చూసింది. "భవాని ఎప్పుడు రాసింది?"

"ఆగస్టులో."

"అయితే అది పాత కార్డు సూరీ. దీపావళి అయ్యాక సేఠ్‌జీ మిల్లు మార్చేశాడు. పాత సరుకంతా సేల్‌లో పెట్టి అమ్మేశాం. పాత నలభై ఏడు కాలిన ఇటుక రంగు. కొత్త కార్డులో నలభై ఏడు ఇదీ."

జ్ఞానప్రకాశం గారు నెమ్మదిగా, వినకూడదనుకుంటూనే అడిగినట్టు అడిగారు: "ఒక్క నలభై ఏడేనా అమ్మా, మారింది?"

"అన్నీ మారాయండి. లేతవి ముందు, ముదురువి చివర, ఆ వరస ఒక్కటే పాతలాగా ఉంది. రంగులు మాత్రం వేటికవే. మాకే అలవాటయ్యేసరికి పది రోజులు పట్టింది. ఎందుకండి?"

లేత, ముదురు. సూరిబాబుకు కనిపించేవి ఆ రెండే. నవంబరులో ఆ గుడ్డలు స్కాన్ చేసినప్పుడు ఒకటి రెండు కొంచెం తేడాగా అనిపించిన మాట నిజమే. పెద్ద ముక్క కదా, అలాగే ఉంటుందేమో అనుకున్నాడు. అడగడానికి పక్కన స్టూలు మీద ఎవరూ లేరు.

"నువ్వు వచ్చి తీసుకెళ్లావా ముక్కలు? నేను చూడలేదే!" అంది విజయకుమారి. "ఎవరిచ్చారు?"

"కొత్తగా చేరినాయన. కాగితం ఇస్తే నంబరు నంబరూ సూసి కోసిచ్చినాడు. నీ గురించి అడిగితే బిలాస్‌పూర్ ఎల్లినావన్నాడు."

"అమ్మకు కంటి ఆపరేషను..." అని ఆమె ఆగిపోయింది. ఏదో అర్థమవుతోంది ఆమెకు.

ఆ క్షణానే కరెంటు వచ్చింది. పంకా తిరిగింది, మూలనున్న రేడియో ఎవరి మాటో మధ్యలోంచి అందుకుంది. జ్ఞానప్రకాశం గారు లేచి రేడియో ఆపేసి, సూరిబాబు కంప్యూటర్ ఆన్ చేశారు. అది లేవడానికి రెండు నిమిషాలు తీసుకుంది. అంతసేపూ ముగ్గురూ తెర ముందు నిలబడే ఉన్నారు.

సూరిబాబు గ్రహాలను ఒక్కొక్కటే తెరిచాడు. మొదట బుధుడు, తర్వాత శుక్రుడు. అతని కళ్లకు అవి ఎప్పటిలాగే ఉన్నాయి. గుంటల అంచున వెలుగు, అవతల నీడ, గుండ్రంగా చేతిలోకి తీసుకోవచ్చన్నంత నిండుగా ఉన్నాయి. అందుకని అతను తెర వైపు చూడడం మానేసి పక్కనున్న ఇద్దరి ముఖాల వైపు చూశాడు. ముఖాల్లో రంగు అతనికి తెలియకపోవచ్చు గాని, ముఖాలు తెలుసు. చిన్నప్పటి నుంచీ అతను అలాగే బతికాడు, ఎదుటివాళ్లు నవ్వబోతున్నారో జాలిపడబోతున్నారో చూసుకుంటూ.

గురుడు వచ్చేసరికి విజయకుమారి చెయ్యి నోటి మీదికి వెళ్లింది. శని వచ్చేసరికి జ్ఞానప్రకాశం గారు కుర్చీలో కూర్చుండిపోయారు.

"సెప్పక్కా," అన్నాడు సూరిబాబు. "దాచకు. గురుడు ఎలగున్నాడు?"

"గోరింటాకు ముద్దలా ఉన్నాడు సూరీ."

"అప్ప బెల్లం రంగు అంది. శని?"

"పిస్తా రంగు."

"గంధం అంది. భూమి?"

విజయకుమారి తెర దగ్గరికి వంగి చూసింది. "సముద్రాలు ఊదాగా ఉన్నాయి," అంది. "వంగపూవు రంగు."

"అప్ప ఏసినవి ఎన్ని ఉన్నాయి ఇందులో?"

జ్ఞానప్రకాశం గారు గబగబా అన్నారు, "పాతవి ఉంటాయి కదయ్యా! ఆగస్టులో వేసిన చిన్నవి. అవి తెరువు. వాటిలోంచి రంగు తీసుకుంటే అయిపోయె!"

"డిస్కులో జాగా లేదు సార్. అదే పేరుతోటి సేవ్ చేశాను. పాతవి పోయినాయి."

"కంపెనీకి పంపిన నమూనా?"

"అది ఒక్క చంద్రుడే. తెలుపూ బూడిదా. దానికి అప్ప అక్కర్లేకపోయింది."

"పుస్తకం," అంది విజయకుమారి. "సూరీ, భవాని పుస్తకం ఉందిగా! గుడ్డలు అందులోనే అంటించి ఉంటాయి. జిగురైతే ఏం, నేను చూసి పట్టుకోగలను. పాత సరుకు ఎక్కడున్నా వెతికి తెస్తాను. ఇంటికెళ్లి పట్రా, పో."

సూరిబాబు కదల్లేదు.

"పో సూరీ!"

"నేదు," అన్నాడు. "పోయిన ఆదివారం ఆరంగ్ దగ్గర మహానదికి ఎల్లినాం, మాసికానికి. పని అయిపోయింది, సీడీ పంపించీసినాను, రంగులన్నీ కంప్యూటర్‌లో పదిలంగా ఉన్నాయి గదా అనుకున్నాను. నీ పుస్తకం నీకే అని సెప్పి, నీళ్లల్లో పెట్టీసినాను."

అక్క పోయిన రోజున సూరిబాబు ఏడవలేదు. కట్టెల దగ్గర ఏడవలేదు, పెద్దకర్మ రోజున బంధువులంతా గుచ్చి గుచ్చి చూసినా ఏడవలేదు. ఆమె రంగులు ఉన్నాయి కదా అని అతనికొక ధైర్యం ఉండేది. అవి లేవని, వాటిని తుడిచేసింది భిలాయ్ కుర్రాడు కాదు తనేనని, ఒక్కొక్క గ్రహాన్నీ ఎంతో జాగ్రత్తగా, ప్రేమగా, రాత్రీపగలూ కూర్చుని తన చేత్తోనే తుడిచేశాడని ఇప్పుడు తెలిసింది. పైగా ఇప్పటికీ, తెర ముందు నిలబడి కూడా, ఏం పోయిందో అతనికి కనిపించడం లేదు. ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది. కీబోర్డు మీద తల పెట్టుకుని, చంటిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. విజయకుమారి వీపు మీద చెయ్యి వేసింది. ఆమె కూడా ఏడుస్తోంది.

కింద మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది.

"మీ అమ్మగారేమో," అన్నారు జ్ఞానప్రకాశం గారు లేస్తూ. "తెర ఆర్పేయనా? కరెంటు మళ్లీ పోయిందని చెబుదాం."

పంకా తిరుగుతోంది. అంత మాత్రం అబద్ధం కూడా ఆడడం రాదు ఆ మనిషికి. సూరిబాబు మొహం తుడుచుకునేలోపే తాయారమ్మ గుమ్మంలోకి వచ్చేసింది. పొట్టిగా, బక్కగా ఉంటుంది. ముగ్గుబుట్టలా నెరిసిన తలను నున్నగా దువ్వి ముడి వేసుకుంది. చెప్పులు బయట విడిచి, కంప్యూటర్లున్న గది కనుక కాళ్లు కూడా కడుక్కోవాలేమోనని సందేహిస్తూ నిలబడింది.

"రా పిన్నీ," అని విజయకుమారి కుర్చీ లాగింది.

తాయారమ్మ కొడుకు కళ్లు చూసింది. కుర్చీ అంచున కూర్చుని, చీర చెంగుతో చేతులు తుడుచుకుని, తెర వైపు తిరిగింది. సూరిబాబుకు మరో దారి లేకపోయింది. ఒక్కొక్క గ్రహాన్నీ తెరిచి పేరు చెబుతూ పోయాడు. ఆమె ఒక్కొక్కదాన్నీ చాలాసేపు చూసింది. శని వచ్చినప్పుడు, ఎవరేమనుకుంటారో చూసుకోకుండా తెరకు రెండు చేతులూ జోడించి, "సల్లగా సూడు నాయనా, ఉన్న ఒక్కడినైనా," అంది. అంగారకుడి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగింది. భూమి దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగింది. తర్వాత గాజు తెరను వేలితో ఒకసారి తాకి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బాగా గీసినావు," అంది. "ఇయ్యన్నీ మీ అప్ప ఏసిన రంగులేనా?"

జ్ఞానప్రకాశం గారు కిటికీ వైపు తిరిగారు. సూరిబాబు తల్లి ముఖంలోకి చూశాడు. మూడు నెలల తర్వాత మొదటిసారి గుమ్మం దాటిన మనిషి. కూతురు వదిలి వెళ్లింది చూసుకుందామని రిక్షా కట్టించుకుని వచ్చింది. నిజం చెప్పి ఈమె కడుపులో మరోసారి చిచ్చు పెట్టడం అతని వల్ల కాలేదు.

"అవునమ్మా. అప్పవే."

"ఒక్కటీ మారనేదా?"

"మారనేదు. ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి."

తాయారమ్మ తల ఊపింది. కొడుకు జుట్టు మీద చెయ్యి వేసి నిమిరింది. ఆమె గొంతులో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు.

"నీకెలగ తెలుస్తాదిరా నాయనా? నీకు రంగులు అగుపడవు గదా."

సూరిబాబు తలెత్తాడు.

"మా నాన్నకీ అగుపడేవి కావు. పాయింట్స్‌మన్‌గా ఎక్కి, రైల్వే కళ్ల పరీక్షలో తప్పిపోయి, సచ్చిందాకా పట్టాల గ్యాంగులో గునపం పట్టినాడు. నీకు ఆరో ఏట, మిరపకాయల్లో పండినవి ఏరరా అంటే పచ్చివీ పండినవీ కలిపి నా ఒళ్లో పోసినావు. ఆ పూటే తెలిసిపోనాది నాకు. మీ అప్పకి అప్పుడు తొమ్మిదేళ్లు. తమ్ముడి పక్కన కూకో, ఆడి కళ్లు నువ్వే, నాకు తెలిసినట్టు ఆడికి తెలీనీకు అని నేనే సెప్పినాను దానికి. అలగే కూకుంది, సచ్చిందాకా." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్లీ తీసేసింది. "నిన్ను అడగడం నాది తప్పు. నువ్వు సెప్పలేవు."

కుర్చీలో నెమ్మదిగా అటు తిరిగి, షేడ్ కార్డు గుండెలకు అదుముకుని నిలబడ్డ విజయకుమారి వైపు చూసింది.

"విజయా, నువ్వు దాని పక్కన ఆరేళ్లు నిలబడ్డావు. యేసు ప్రభువు మీద ఆన తల్లీ, నువ్వు సెప్పు. ఇవి మా పిల్ల రంగులేనా?"